పులికి దారి, పేదవాడికి మేత

గోదావరికి ఇవతల చందూర్‌లో ఉన్న మనకు పులి అంటే పేపర్లో చదివే వార్త. మన పొలాల్లో అడవిపందులు పడి వరి తొక్కితేనే రాత్రంతా కావలి కాస్తాం, సర్కారును తిట్టుకుంటాం. అవతల ఆసిఫాబాద్ జిల్లాలో సంగతి వేరు. 2024 నవంబరులో కాగజ్‌నగర్ ప్రాంతంలో పత్తి చేనులో పని చేసుకుంటున్న ఒక స్త్రీని పులి చంపింది. అదే ఏడాది జనవరిలో ఆ ప్రాంతంలోనే పులి చంపిన పశువు కళేబరానికి విషం పెట్టడంతో పులులు చచ్చిపోయాయి.

మహారాష్ట్ర తాడోబా అడవుల్లో పులులు పెరిగి చోటు చాలక ఇటు వస్తున్నాయి. కవ్వాల్ అభయారణ్యం దాకా వాటికి దారి కావాలి, నిజమే. అందుకని ప్రభుత్వం 2025 మే 30న జీవో 49 తెచ్చి, ఆ దారిని కుమ్రం భీం పేరుతో సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. మూడు వందలకు పైగా గ్రామాలు దాని పరిధిలోకి వచ్చాయి. ఎవరినీ ఖాళీ చేయించబోమని అధికారులన్నారు. కవ్వాల్ లోపలి రాంపూర్, మైసంపేట గ్రామాలను 2024లో బయటికి తరలించడం చూసిన ఆదివాసులు ఆ మాట నమ్మలేదు. బంద్ చేశారు. జూలైలో జీవోను నిలిపివేశారు. నిలిపివేయడం వేరు, రద్దు చేయడం వేరు.

1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు బలైన భీం పోరాడింది గోండుల అడవి కోసం, భూమి కోసమే. (నిజాం పేరు వింటే ఉప్పొంగిపోయే మన పెద్దలు ఈ ముక్క కూడా పిల్లలకు చెప్పాలి.) ఆయన పేరే పెట్టి, ఆయన వాళ్లను అడగకుండా గీత గీయడం మాకు మింగుడుపడలేదు.

అడవిని కాపాడవద్దని మేము అనడం లేదు. మదీనా చుట్టూ వేటను, చెట్లు నరకడాన్ని నిషేధించినవారు ప్రవక్త ముహమ్మద్ (స). రక్షిత మేత భూమికి 'హిమా' అని పేరు. హజ్రత్ ఉమర్ (ర) తన హయాంలో దాని కావలికి హునయ్ అనే వ్యక్తిని పెట్టినప్పుడు ఇచ్చిన ఆజ్ఞ సహీహ్ బుఖారీలో ఉంది. నాలుగు ఒంటెలు, నాలుగు మేకలు ఉన్నవాణ్ణి లోపలికి రానివ్వు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, ఉస్మాన్ మందలను మాత్రం ఆపు అన్నది దాని సారాంశం. కారణం కూడా చెప్పారు. ధనికుల పశువులు చస్తే వారికి తోటలున్నాయి, పొలాలున్నాయి. పేదవాడి మేకలు చస్తే వాడు పిల్లలను వెంటబెట్టుకొని ఖలీఫా దగ్గరికే వస్తాడు. పైగా అది వారి నేల, దాని కోసం వారు పోరాడారు అని కూడా ఆయన ఒప్పుకున్నారు. ఆ ఇద్దరు ధనికులూ సామాన్యులు కారు, మహా సహాబీలు. అయినా ఆంక్ష పడింది వారి మందల మీదే.

2006 నాటి అటవీ హక్కుల చట్టం కూడా ముందు హక్కులు తేల్చమంటుంది, తరలించాలంటే గ్రామసభ రాతపూర్వక సమ్మతి కావాలంటుంది. జీవో మళ్లీ వచ్చే లోపు ఆ సభలు జరగాలి, పులి చంపిన పశువుకు పరిహారం నెలలు గడవకుండా అందాలి.

ఇక మన సంగతి. ఏటా చలికాలంలో దుప్పట్లు పంచే మన అంజుమన్‌లు నిజామాబాద్ బస్తీలతో ఆగిపోతాయి. నఫిల్ సదఖా ముస్లిమేతరులకూ ఇవ్వవచ్చు, ఇందులో ఉలమాకు పేచీ లేదు. పులి భయంతో సాయంత్రం తలుపు తీయని గూడేలకు ఈసారి దుప్పట్లతో పాటు టార్చిలైట్లు, పశువుల కొట్టాలకు గట్టి కంచె సామాను తీసుకెళ్లవచ్చు. ఏం కావాలో ముందు ఆ ఊరి పెద్దను అడిగి మరీ బయలుదేరండి.