వస్తుందో రాదో చెప్పండి

ఏటా నవంబరులో మిలాన్ మోటారుసైకిళ్ల ప్రదర్శన దగ్గరపడే కొద్దీ ఒకటే పుకారు లేస్తుంది. ఎస్‌టీ1300 స్థానంలో హోండా ఈసారి కొత్త బండి తెస్తోందట! ఎక్కడో ఒక పేటెంటు బొమ్మ దొరుకుతుంది. ఎవరో దానికి కంప్యూటర్లో ఫెయిరింగు తొడిగి, పక్కన పెట్టెలు తగిలించి, రంగులద్దుతారు. మర్నాటికి ఆ బొమ్మ వార్తవుతుంది. వారం తిరిగేసరికి దానికో ధర కూడా పుడుతుంది. ప్రదర్శన మొదలవుతుంది, ముగుస్తుంది. బండి మాత్రం రాదు.

అమెరికాలో ఎస్‌టీ1300 అమ్మకం 2012 మోడల్‌తో ఆగింది. ఐరోపాలో మరికొన్నేళ్లు సాగి అక్కడా ఆగింది. అప్పటి నుంచి దాని యజమానులు అడుగుతున్నది ఒక్కటే: దీని తర్వాత ఏమిటి? పదేళ్లు దాటినా సూటి జవాబు లేదు. పెళ్లిచూపులకొచ్చి, కాఫీ తాగి వెళ్లి, ఔననీ కాదనీ కబురు చేయని మగపెళ్లివారి తీరు ఇది. పుకార్లు పుట్టించేవాళ్లను తిట్టడం తేలిక. కానీ జవాబు దొరికిన చోట పుకారు బతకదు. జవాబు తెలిసీ నోరు మెదపనివాళ్లదే ఇక్కడ అసలు తప్పు.

ఒక బండి కోసం ఇంత గోలా అనేవాళ్లకు ఆ బండి ఏమిటో చెప్పాలి. 1990లో ఐరోపా రోడ్లెక్కిన ఎస్‌టీ1100కు అక్కడి పేరు పాన్ యూరోపియన్. ఖండం ఒక కొస నుంచి మరో కొసకు మనిషిని మోయడానికే పుట్టింది. 1084 సీసీ వి4 ఇంజన్‌ను అడ్డంగా కాక బండి పొడవునా అమర్చారు. చక్రం తిప్పే బలం గొలుసు మీదుగా కాక షాఫ్టు ద్వారా వెనక్కి పోతుంది. అంటే ప్రతి కొన్ని వందల కిలోమీటర్లకూ గొలుసుకు నూనె పెట్టే పని లేదు, బిగించే పని లేదు, వానలో మోకాళ్ల మీద కూర్చుని మురికి తుడిచే పని లేదు. ట్యాంకు 28 లీటర్లు. లీటరుకు 18 కిలోమీటర్లే వస్తాయనుకున్నా ఐదు వందల కిలోమీటర్ల దాకా బంకు ముఖం చూడక్కర్లేదు. వెనక సీట్లో ఇంకో మనిషి, రెండు పక్కలా నిండిన పెట్టెలు, ఎదురుగాలి, వాన. ఇన్నిటితో రోజంతా నడిపాక కూడా మర్నాడు పొద్దున్నే మళ్లీ ఎక్కాలనిపించే బండి అది. 2002లో వచ్చిన ఎస్‌టీ1300 ఆ పనినే 1261 సీసీతో, 29 లీటర్ల ట్యాంకుతో కొనసాగించింది.

లోపం లేని బండి అని నేననను. అధిక వేగంలో ఊగుతోందన్న ఆందోళనతో 2007లో బ్రిటన్‌లో పోలీసు దళాలు ఎస్‌టీ1300ను పక్కన పెట్టాయి. కొత్తది కావాలనడానికి అంతకంటే బలమైన కారణం ఇంకేం కావాలి? ఆ లోపం దిద్దుకుని తర్వాతి తరం రావాలి. అది రాలేదు.

రాకపోగా, ఆశపెట్టి దాటవేసిన చరిత్ర ఒకటి పేరుకుపోయింది. 2008 అక్టోబరులో కొలోన్ ప్రదర్శనలో హోండా ఒక వి4 కాన్సెప్టును నిలబెట్టింది. ఇదే మన బండి అని ఎస్‌టీ వాళ్లు ఆశపడ్డారు. మరుసటి ఏడాది అది వీఎఫ్‌ఆర్1200ఎఫ్‌గా బయటికొచ్చింది. 1237 సీసీ, షాఫ్టు డ్రైవు, పైగా మోటారుసైకిళ్లలో కొత్త దారి తీసిన డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు. ఆ ఇంజనీర్ల పనితనానికి దండం పెడతాను. కానీ ట్యాంకు 18.5 లీటర్లు! దూరాలు మింగే బండి కావాలన్నవాడి చేతిలో దాన్ని పెట్టి ఏం చేసుకోమని? ఆ తర్వాత 2014 మోడల్‌గా సీటీఎక్స్1300 వచ్చింది. అందులో ఉన్నది సాక్షాత్తూ ఎస్‌టీ1300 కుటుంబపు 1261 సీసీ వి4. అంటే ఆ ఇంజన్ చుట్టూ కొత్త బండి కట్టడం చేతగాక కాదు. కట్టారు, కానీ కాళ్లు ముందుకు చాపుకుని కూర్చునే క్రూజర్‌లా కట్టారు.

2021 అక్టోబరులో ఎన్‌టీ1100 వచ్చింది. దాని సీసీ ఎంతో చూడండి: 1084. సరిగ్గా మూడు దశాబ్దాల నాటి ఎస్‌టీ1100 సీసీ. అంకె ఒక్కటే తిరిగొచ్చింది. నాలుగు సిలిండర్ల చోట రెండు, షాఫ్టు చోట గొలుసు, 28 లీటర్ల చోట 20.4. ఎన్‌టీ1100 చెడ్డ బండని నేననడం లేదు. తేలికైనది, పొదుపైనది, బరువు మోయలేనివాడికి హాయైనది. కానీ దాన్ని ఎస్‌టీ వారసుడని ఎవరైనా అంటే ఒప్పుకోను.

ఎందుకిలా జరిగిందో తెలియనిది కాదు. ఎస్‌టీ1300 వి4లో రెండు సిలిండర్ హెడ్లు, నాలుగు కామ్‌షాఫ్టులు. ఎన్‌టీ1100 ఇంజన్‌లో ఒక హెడ్డు, ఒక కామ్‌షాఫ్టు. అదే ఇంజన్ ఆఫ్రికా ట్విన్‌లోకీ రెబెల్ 1100లోకీ పోతుంది కాబట్టి ఖర్చు అన్ని బండ్ల మీదా పంచుకోవచ్చు. మరోవైపు ఐరోపాలో 2016లో యూరో 4, 2020లో యూరో 5 ఉద్గార నిబంధనలు వచ్చిపడ్డాయి. పాత వి4ను వాటికి తగ్గట్టు మార్చాలంటే తడిసి మోపెడు. వ్యాపారం లెక్క అర్థమైంది. ఆ లెక్కనే నోరు తెరిచి చెప్పమంటున్నాను. "పెద్ద వి4 టూరర్ మాకు ఇక గిట్టుబాటు కాదు, ఎన్‌టీ1100తోనే సరిపెట్టుకోండి." ఇంత చెబితే చాలు. రైడర్లు బాధపడతారు, కోపగించుకుంటారు, తర్వాత తమ దారి తాము చూసుకుంటారు. దశాబ్దాల పాటు తన బండిని నమ్మి తిరిగినవాళ్లకు కంపెనీ ఇవ్వాల్సిన కనీస మర్యాద అది.

ఆ మాట రాలేదు. 2024 నవంబరులో మిలాన్‌లో ఎలక్ట్రిక్ కంప్రెసర్ బిగించిన వి3 ఇంజన్ వచ్చింది. మరుసటి ఏడాది అదే వేదిక మీద ఆ ఇంజన్‌తో వి3ఆర్ 900 ప్రోటోటైపు నిలబడింది. ఇంకేముంది, ఆ ఇంజనే రేపటి టూరర్‌లోకి వస్తుందన్న ఊహలకు మళ్లీ రెక్కలు. ఇక్కడ పత్రికల వాళ్లను కూడా నిలదీయాలి. పేటెంటు ఒక హామీ కాదు. ఒక ఆలోచన పోటీదారు చేతికి చిక్కకుండా కంపెనీ దాఖలు చేసుకున్న కాగితం. అలాంటివి లెక్కలేనన్ని ఉంటాయి, చాలావాటికి చక్రాలు రావు. ఆ సంగతి తెలిసీ, గీతల బొమ్మ మీద "త్వరలో వచ్చేస్తోంది" అని శీర్షిక పెట్టడం పాఠకుడిని మోసగించడమే.

ఎదురుచూసేవాళ్లను వెర్రివాళ్లనుకోవద్దు. కవాసకీ కాన్‌కోర్స్ 1986 నుంచి 2006 దాకా దాదాపు అదే రూపంలో అమ్ముడైంది. ఇరవై ఏళ్ల తర్వాత, 1352 సీసీ ఇంజన్‌తో, షాఫ్టుతో, కాన్‌కోర్స్ 14 నిజంగానే వచ్చింది. ఒకసారి ఫలించిన నిరీక్షణ మీద నమ్మకం అంత తొందరగా చావదు. అయితే ఆ కాన్‌కోర్స్ 14 గానీ, యమహా 2001లో మొదలుపెట్టిన ఎఫ్‌జేఆర్1300 గానీ ఇప్పుడు ఐరోపా షోరూముల్లో కొత్తవి దొరకవు. ఒక తరహా బండినే జపాన్ పెద్ద కంపెనీలు ఒకటి తర్వాత ఒకటి వదిలేశాయి.

"కొనేవాళ్లు లేరు, అందరూ అడ్వెంచర్ బండ్ల మీద పడ్డారు" అన్నది సిద్ధంగా ఉండే సమాధానం. అందులో సగం నిజం ఉంది. మిగతా సగానికి బీఎండబ్ల్యూను చూడండి. 1978లో ఆర్100ఆర్‌టీతో మొదలుపెట్టిన ఆర్‌టీ వరుసను షాఫ్టు డ్రైవుతోనే ఇప్పటిదాకా లాక్కొచ్చింది. 2025లో ఆర్1300ఆర్‌టీ ప్రకటించింది. కొనేవాళ్లే లేకపోతే జర్మనీ కంపెనీ ఎవరికోసం కొత్త తరం తయారుచేస్తోంది? ఏళ్ల తరబడి కొత్త బండి తేకుండా పాతదాన్నే అమ్మి, అమ్మకాలు పడిపోయాయని చూపించి, జనానికి ఇష్టం లేదనడం న్యాయం కాదు. సరుకు పెట్టని దుకాణానికి గిరాకీ ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ పుకార్లను కంపెనీయే పుట్టిస్తోందని నేననను. వాటి వల్ల లాభం ఎవరికో మాత్రం చెబుతాను. "వచ్చే ఏడాది రావచ్చు" అని నమ్మినవాడు ఈ ఏడాది బీఎండబ్ల్యూ షోరూమ్‌కు వెళ్లడు. పైసా ఖర్చు లేకుండా కొనుగోలుదారు కట్టుబడి ఉంటాడు. నష్టం అతనిది. ఉత్తర ఐరోపాలో బండి హాయిగా నడిపే కాలం ఏడాదికి కొన్ని నెలలే. ఎస్‌టీ1300 మూడు వందల కిలోలు దాటిన బండి. అరవై దాటినవాడికి అంత బరువును నిలబెట్టే సత్తా ఎన్నేళ్లు ఉంటుంది? వృథా అయిన ప్రతి వేసవీ అతని జీవితంలోంచే పోతుంది. ఆ వేసవిని ఏ కంపెనీ తిరిగి ఇవ్వగలదు?

ఇది మనకు తెలియని బాధ కాదు. 2003లో హీరో హోండా 223 సీసీ కరిజ్మా తెచ్చినప్పుడు, దూరప్రయాణాల మోజున్న మన కుర్రాళ్లకు చేతికందిన బండి అదే. తర్వాత హోండా విడిపోయింది. 2014 ఆటో ఎక్స్‌పోలో హీరో హెచ్‌ఎక్స్250ఆర్ అనే బండిని ప్రదర్శించింది. దాని వెనకున్న అమెరికా భాగస్వామి ఈబీఆర్ మరుసటి ఏడాదే దివాలా తీసింది. ఆ బండి రోడ్డెక్కలేదు. కరిజ్మా పేరుతో కొత్త తరం ఇంజన్ బండి, 210 సీసీ ఎక్స్‌ఎంఆర్, 2023 ఆగస్టులో గానీ రాలేదు. మొదటి కరిజ్మాను ఇరవై ఏళ్లకు కొన్న కుర్రాడికి అప్పటికి నలభై. ఇల్లు, పిల్లలు, వాయిదాలు. అతను కోరుకున్న బండి అతని వయసు దాటిపోయాక వచ్చింది.

కాబట్టి హోండాను అడగాల్సినవి మూడే. ఎస్‌టీ తరహా షాఫ్టు టూరర్ మీ ఆలోచనలో ఉందా లేదా? ఉంటే ఏ ఏడాదికి? లేకపోతే, ఇప్పుడు రోడ్డు మీదున్న బండ్లకు విడిభాగాలు ఎప్పటిదాకా సరఫరా చేస్తారు? వీటిలో వ్యాపార రహస్యమేమీ లేదు. ఇంజన్ కొలతలు ఎవరూ అడగడం లేదు, డిజైను చూపించమనడం లేదు. తేదీ చెప్పలేకపోతే కనీసం మూడో ప్రశ్నకైనా జవాబివ్వండి. పాత బండిని కాపాడుకోవాలో వదులుకోవాలో యజమాని తేల్చుకుంటాడు.

ఇంత చదివాక కూడా ఇంకో నవంబరు చూద్దాం అనుకునే రైడర్లకు నా మాట ఇది. చూడొద్దు. కంపెనీ తన నోటితో చెప్పేదాకా ఆ బండి లేదనే లెక్కేసుకోండి. మీకు నప్పే బండి ఏ కంపెనీదైనా సరే, ఈ సీజన్‌కే కొనుక్కోండి. కొన్నాక పాత కంపెనీ డీలరుకు ఎందుకు వెళ్లిపోయారో ఒక ఉత్తరం రాయండి. "మీరు చెప్పలేదు కాబట్టి వెళ్లాను" అని స్పష్టంగా రాయండి. బతిమాలితే తెరుచుకోని నోళ్లు అమ్మకాల పట్టికలో అంకెలు తగ్గితే తెరుచుకుంటాయి. ఆ అంకె తగ్గించడం మన చేతుల్లోనే ఉంది.