శాసనము అందఱు చదువవలె

చైతన్యపురిలో మూసీ యొడ్డున కొసగుండ్ల నరసింహస్వామి గుడి యున్నది. అచటి బండపై విష్ణుకుండినుల కాలపు ప్రాకృత శాసన మొకటి కలదు. బౌద్ధభిక్షువుల నివాసమును గూర్చిన ఆ వ్రాత సుమారు పదిహేను వందల యేండ్లనాటిది. మన భాషలో శాసనమనగా రాతిపై చెక్కిన వ్రాతయు నగును, రాజ్యము చేసిన చట్టమును అగును. రెండింటికిని ఉండవలసిన గుణ మొక్కటే: అది పదుగురి కంట బడవలెను, చదివినవానికి బోధపడవలెను.

ఆ గుడినుండి దిల్‌సుఖ్‌నగర్ వైపు నడచు విద్యార్థి తానెన్ని కెమెరాల యెదుట సాగిపోవుచున్నాడో లెక్కింపజాలడు. వసతిగృహపు వాకిట, మెట్రోస్టేషనులో, పుస్తకాల దుకాణములో, శిక్షణకేంద్రములో ఎక్కడ జూచినను అవే. వీని చరిత్రలో కన్నీరు కలదు. 2013 ఫిబ్రవరి 21 సాయంకాలము దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన జంట పేలుళ్లలో 18 మంది మరణించిరి. ఆ యేడే నాటి ఉమ్మడి రాష్ట్రము ప్రజాభద్రతా చట్టము చేసి, జనము గుమిగూడు సంస్థలు కెమెరాలు అమర్చుకొనవలెనని విధించినది. అంతటి దుఃఖము ననుభవించిన పేటలో కెమెరా వలదని ఎవరనగలరు? నేనును అనను.

కాని చూచు కెమెరా వేరు, గుర్తుపట్టు యంత్రము వేరు. కృత్రిమ మేధ మన ముఖమును అంకెలుగా మార్చి, దాచియుంచిన వేలాది ముఖములతో పోల్చి, వీడు ఫలానా యని తీర్పు చెప్పును. సంకేతపదము దొంగిలింపబడినచో మార్చుకొనవచ్చును, ముఖమును మార్చుకొనలేము. పోలికలో పొరపాటు జరిగినచో యంత్రమునకు పోవున దేమియు లేదు, పోవునది మనుష్యునికే.

ఇది ఊహ కాదు. 2021 మే నెలలో, లాక్‌డౌను దినములలో, పోలీసులు తన్ను వీధిలో నిలిపి మాస్కు తీయుమని, తాను సమ్మతింపకున్నను ఛాయాచిత్రము తీసికొనిరని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ తెలంగాణ హైకోర్టు కెక్కినారు. ముఖగుర్తింపునకు అధికార మిచ్చు చట్ట మేదియని ఆయన ప్రశ్న. 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వమునకు నోటీసు లిచ్చినది. అదే సంవత్సరము ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మఱియొక వ్యాజ్యమున, మన రాష్ట్రములో రద్దయిన సుమారు 19 లక్షల రేషను కార్డులను ఇంటింటి విచారణతో మరల పరిశీలింపుమని ఆదేశించినది. గడప తొక్కి విచారింపక, కంప్యూటరు లెక్కలను నమ్మి కార్డులు తీసివేసిరన్నది అందలి ఫిర్యాదు. యంత్రము తప్పినచోట పేదవాని కంచమే ఖాళీయగును.

ఇప్పుడీ యంత్రము బడికి వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టునుండియు, తెలంగాణలో 2025 ఆగస్టునుండియు సర్కారు ఉపాధ్యాయులకు ముఖగుర్తింపు హాజరు విధింపబడినది. తెలంగాణలో విద్యార్థుల హాజరును అంతకుముందే ఆ దారి పట్టినది. దొంగ హాజరు లున్న మాట నిజమే; వానిని అరికట్టవలసినదే. అయితే హాజరుపట్టీ బడి బీరువాలో నుండెడిది. ముఖమునుండి పుట్టిన అంకెలు ఏ యూరి యంత్రములో నుండునో, ఎన్నాళ్లుండునో పంతులుగారికే తెలియదు. ఇక పిల్లవాని కెవరు చెప్పుదురు?

స్వీడను దేశపు షెలెఫ్టియో పట్టణములో నొక ఉన్నతపాఠశాల 22 మంది విద్యార్థుల హాజరును మూడువారములు ఈ రీతినే పరీక్షార్థము నమోదు చేసినది. తల్లిదండ్రులు సమ్మతించిరని వాదించినది. బడియొక్క అధికారమునకు లోబడిన వాని సమ్మతి స్వేచ్ఛాసమ్మతి కాదని అచటి పర్యవేక్షణ సంస్థ తేల్చి, 2019 ఆగస్టులో ఆ పురపాలకమునకు 2 లక్షల క్రోనార్ల జరిమానా వేసినది. ఈ తీర్పు మన ఉపాధ్యాయులు మననము చేయదగినది. ‘సంతకము పెట్టుము, లేదా బడి మానుము’ అన్నచోట సమ్మతికి అర్థమేమి?

మనకును ఆధారములు లేకపోలేదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు పుట్టస్వామి వ్యాజ్యమున ఏకగ్రీవముగా చెప్పినారు. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార సంరక్షణ చట్టము వచ్చినది. 2025 నవంబరులో నియమములు వెలువడినవి. పదునెనిమిదేండ్లు నిండనివారి సమాచారము గైకొనుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని, పిల్లల నడవడిని వెన్నాడరాదని చట్టము చెప్పుచున్నది. కాని చదువు కొఱకును భద్రత కొఱకును విద్యాసంస్థలు చేయు పర్యవేక్షణకు నియమములు మినహాయింపు నిచ్చినవి. దేశభద్రత, శాంతిభద్రతల పేర తన విభాగములను మినహాయించు అధికారమును చట్టము కేంద్రప్రభుత్వమునకే ఒసగినది. కంచె వేసి తలుపు తీసియుంచిన ట్లున్నది. ఐరోపాలో 2024లో అమలునకు వచ్చిన కృత్రిమ మేధా చట్టము బడులలో పిల్లల ముఖములనుబట్టి మనోభావములు పసిగట్టు యంత్రములను, వైద్యము, భద్రతల పని తప్ప, నిషేధించినది. మనమును ఇట్టి హద్దులను స్పష్టముగా గీయవలసియున్నది.

నా మనవి స్వల్పము. హాజరునకు తీసికొన్న ముఖము హాజరునకే వాడవలెను. పిల్లవాడు బడి విడిచిననాడు అదియు చెరిగిపోవలెను. యంత్రము రాడన్న వానిని వచ్చినాడని దిద్దు అధికారము ఉపాధ్యాయునికి ఉండవలెను. ముఖ మీయనొల్లని వానికి పాతపట్టీ మిగిలి యుండవలెను.

చట్టము మఱియొక మేలు చేసినది. సమ్మతి యడుగు ప్రకటనను ఎనిమిదవ షెడ్యూలులోని యే భాషలోనైనను కోరవచ్చును. తెలుగు అందులో నున్నది. కనుక ఉపాధ్యాయులారా, ఆ ప్రకటనను తెలుగులో అడిగి తెప్పించి, ఒకనాడు తరగతిలో బిగ్గరగా చదివింపుడు. విద్యార్థులారా, నా చిత్రము ఎచటికి పోవును, ఎవరు చూతురు, ఎప్పుడు చెరుపుదురు అని అడుగుడు. అది అవినయము కాదు. జవాబు దొరకనిచో ఆ ప్రశ్నను కాగితముపై పెట్టి, తల్లిదండ్రుల సంతకముతో ప్రధానోపాధ్యాయునికి అందజేయుడు.