యూరియా బస్తా దొరికింది సరే, మీ పైరుకు కావలసింది అదేనా?

2025 వానాకాలంలో యూరియా కోసం పడిన తిప్పలు మీకు గుర్తుండే ఉంటాయి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో తెలంగాణలో చాలాచోట్ల సహకార సంఘాల ముందు చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టి రైతులు తెల్లవారుజాము నుంచి ఎదురుచూశారు. వానలు బాగా పడి వరి, మొక్కజొన్న విస్తీర్ణం పెరిగింది. చైనా ఎగుమతులపై ఆంక్షలు పెట్టింది. రామగుండం కర్మాగారంలో ఉత్పత్తికి అంతరాయాలు వచ్చాయి. దేశంలో తయారయ్యే యూరియాకు కూడా గ్యాస్ కావాలి, అందులో పెద్ద భాగం దిగుమతే. కాబట్టి ఇలాంటి కొరత మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

సరఫరా ప్రభుత్వం చూసుకోవాల్సిన పని. బస్తాతో పాటు మీకు అక్కర్లేని మందులు అంటగట్టడం నిబంధనలకు విరుద్ధం, అలా జరిగితే బిల్లు తీసుకుని మండల వ్యవసాయ అధికారికి ఫిర్యాదు చేయండి. అయితే మనవైపు నుంచి చూసుకోవాల్సిన లెక్క కూడా ఒకటి ఉంది.

45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. అందులో నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలు. కిలో నత్రజని 13 రూపాయలలోపే పడుతుంది. 50 కిలోల డీఏపీ బస్తా 1350 రూపాయలు. అందులోని 9 కిలోల నత్రజనికి యూరియా ధర కట్టి తీసేస్తే, మిగిలిన 23 కిలోల భాస్వరం కిలో 53 రూపాయల పైనే. 2010లో పోషకాల ఆధారిత రాయితీ విధానం వచ్చినప్పుడు యూరియాను దాని బయట ఉంచారు. అప్పటి నుంచి మిగతా ఎరువుల ధరలు పెరిగాయి, యూరియా మాత్రం దాదాపు అక్కడే ఉంది. చవకైనది ఎక్కువ వేయడం, ఖరీదైనది తగ్గించడం ఎవరైనా చేసే పనే. దీనికి రైతును నిందించడం తేలిక, కానీ ఈ అలవాటు నేర్పింది ధరలే.

పైరుకు మాత్రం ధరలు తెలియవు. జోడెడ్లలో ఒకటి కుంటుతుంటే రెండోదాన్ని ఎంత అదిలించినా బండి కుంటిదాని నడకే నడుస్తుంది. పోషకాలూ అంతే. జింకు తక్కువైన మడిలో దిగుబడిని జింకే నిర్ణయిస్తుంది. అక్కడ ఇంకో బస్తా యూరియా వేస్తే డబ్బు పోవడమే.

అన్నిటికంటే ఎక్కువ నష్టం పసుపు రంగు దగ్గర జరుగుతోంది. ఆకు పచ్చబడగానే యూరియా చల్లుతాం. కానీ ఏ ఆకు పసుపుగా మారిందో ముందు చూడండి. నత్రజని మొక్కలో కదిలే పోషకం. తక్కువైతే మొక్క ముదురాకుల నుంచి లాగి లేత ఆకులకు ఇస్తుంది, అందుకే కింది ఆకులు ముందు పసుపుగా మారతాయి. గంధకం, ఇనుము అంత తేలికగా కదలవు కాబట్టి లేత ఆకులే ముందు పాలిపోతాయి. సున్నం ఎక్కువున్న నేలల్లో వేరుశనగ లేత ఆకులు తెల్లబడితే అది ఇనుపధాతు లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి పిచికారీ చేయాలి. పొటాష్ తక్కువైతే ముదురాకుల అంచులు, కొనలు మాడినట్లవుతాయి. పత్తిలో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం ఎర్రబడితే మెగ్నీషియం లోపమని అనుమానించాలి, లీటరుకు 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ చల్లాలి.

వరిలో జింకు లోపం నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో కనిపిస్తుంది. ఆకు మధ్య ఈనె మొదలు దగ్గర పాలిపోతుంది, తుప్పు రంగు మచ్చలు వస్తాయి, దుబ్బు గిడసబారుతుంది. లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేట్ చొప్పున ఐదు రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేయండి. ముందుగానే ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోలు వేస్తే రెండు మూడు పంటలకు సరిపోతుంది. అయితే డీఏపీతో కలిపి వేయొద్దు, కలిస్తే రెండూ పైరుకు అందవు. కనీసం మూడు రోజుల ఎడం ఇవ్వండి.

ఇక ఎంత వేయాలన్నది. ఎకరా వరికి 48 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 16 కిలోల పొటాష్ కావాలనుకుందాం. ఒక బస్తా డీఏపీతో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం వచ్చేస్తాయి. మిగిలిన 39 కిలోల నత్రజనికి 85 కిలోల యూరియా చాలు, రెండు బస్తాలు కూడా పూర్తిగా పట్టవు. పొటాష్‌కు 27 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్. మీరు మూడో బస్తా వేస్తుంటే అది ఎక్కడికి పోతోందో ఆలోచించండి. కొంత గాలిలోకి, కొంత నీటితో పాటు కిందికి పోతుంది. మొక్క పీల్చుకున్నది ఆకును మెత్తగా, పచ్చగా చేసి సుడిదోమను, అగ్గి తెగులును, పాముపొడను పిలుస్తుంది. ఈదురుగాలికి చేను పడిపోతుంది. తర్వాత మందుల ఖర్చు ఆ 266 రూపాయలతో ఆగదు.

ఉన్న యూరియాను మూడు దఫాలుగా, మడిలో నీరు తీసి బురద పదునులో చల్లి, ఒకటి రెండు రోజుల తర్వాత నీరు పెట్టండి. బస్తా సమయానికి రాకపోతే లీటరుకు 20 గ్రాముల యూరియా కలిపి పిచికారీ చేయొచ్చు. కానీ ఎకరాకు 200 లీటర్లు కొట్టినా అందేది రెండు కిలోలలోపు నత్రజనే. అది ఉపశమనమే తప్ప బస్తాకు బదులు కాదు. నానో యూరియా సీసాలోనైతే నత్రజని గ్రాముల్లోనే ఉంటుంది.

ఏళ్ల తరబడి డీఏపీ వేసిన భూముల్లో భాస్వరం పేరుకుని ఉండొచ్చు, అక్కడ తగ్గించుకోవచ్చు. పొటాష్ చాలావరకు వరిగడ్డిలోనే ఉంటుంది, గడ్డిని పొలంలోనే కలియదున్నితే తిరిగి నేలకు చేరుతుంది. ఏది తగ్గించాలో భూసార పరీక్ష చెబుతుంది. కోత అయ్యాక, ఎరువు వేయకముందు, గట్లు, చెట్ల నీడ, పెంటకుప్ప వేసిన చోట్లు వదిలేసి, ఎకరాకు ఎనిమిది పది చోట్ల 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు తవ్వి మట్టి తీయండి. అంతా కలిపి నీడలో ఆరబెట్టి, అరకిలో మాత్రం గుడ్డ సంచిలో వేసి, పేరు, సర్వే నంబరు, వేయబోయే పంట రాసి ఇవ్వండి. ఎరువుల ఖాళీ సంచిలో మాత్రం మట్టి పట్టుకెళ్లకండి, ఫలితం తప్పు వస్తుంది.