చలిలో స్టీరింగు బిగిస్తే నష్టం ఎవరికి?

లారీ సంగతి డ్రైవరు చూసుకుంటాడు, ఓనరు చూసుకుంటాడు, మధ్యన మనకెందుకని ఈ పేజీ తిప్పేయకండి. కార్తీకం వెళ్లింది మొదలు సంక్రాంతి దాటేదాకా చింతపల్లి, లంబసింగి వైపు నుంచి నర్సీపట్నం ఘాట్ దిగే ప్రతి కూరగాయల బండిలో ఉన్న సరుకు మీది. చాలాసార్లు ఆ బస్తాల మీద దుప్పటి కప్పుకుని కూర్చునేదీ మీరే. బండి మలుపు తిరగకపోతే ముందు మునిగేది ఎవరో ఆలోచించండి.

లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరు. రాత్రి ఆరుబయట ఉన్న మనిషి తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది మరి. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో వేడి సున్నా డిగ్రీల దరిదాపులకు కూడా దిగిపోతుంది. మనిషే బిగుసుకుపోయే చోట, పవర్ స్టీరింగు లేని ఇరవై ఏళ్ల నాటి లారీ బిగుసుకుపోదా?

ఓ పుష్యమాసంలో క్యాబేజీ, బీన్సు వేసుకుని అలాంటి బండిలోనే నేనూ దిగాను. తెల్లవారుజామున మూడు గంటలు, కళ్ల ముందు మంచు తెర. డ్రైవరు రెండు చేతులతో, ఛాతీతో కూడా స్టీరింగు మీద పడి తిప్పుతున్నాడు. "ఏటి బాబూ, ఇది రాయైపోనాది" అన్నాడు. ఒక్క తిప్పులో తిరగాల్సిన మలుపు దగ్గర రెండుసార్లు వెనక్కి తీయాల్సి వచ్చింది. క్లీనరు దిగి వెనక చక్రాలకు రాళ్లు వేస్తుంటే, కింద లోయ వైపు చూడబుద్ధి కాలేదు. విశాఖపట్నం రైతుబజారుకు చేరేసరికి తొమ్మిది దాటింది. పొద్దున్నే రావాల్సిన బేరం పోయింది, బీన్సు వచ్చిన ధరకు వదిలేశాం. ఆ రోజు బండి కిరాయి మాత్రం పూర్తిగానే ఇచ్చుకున్నాం.

తరువాత విశాఖలో ఒక పాత మెకానిక్కును అడిగితే, జాకీ ఎత్తి చూసి నవ్వాడు. కింగ్ పిన్నుల్లో గ్రీజు లేదు, ఉన్న కాస్తా తుప్పుతో కలిసి మట్టిముద్దయింది. వానాకాలమంతా బురదలో తిరిగిన బండికి నీళ్లు గ్రీజును కడిగేస్తాయి. మిగిలింది వేసవిలో ఎలాగో జారుతుంది గానీ చలి తగలగానే గట్టిపడుతుంది. అంటే జనవరిలో బయటపడే జబ్బు సెప్టెంబరులోనే పట్టుకుంటుందన్నమాట. దసరాకు బండి కడిగి, నిమ్మకాయలు తొక్కించి, దండ వేసే ఓనరు ఆ రోజే గ్రీజు గన్ను కూడా పట్టిస్తే సగం బాధ తీరిపోను.

గ్రీజు పట్టించడంలోనూ కిటుకు ఉంది. బండి బరువు నేల మీద ఉండగా పడితే, బరువు మోసే బేరింగు సందులోకి గ్రీజు సరిగ్గా పోదు. ముందు ఇరుసు కింద జాకీ పెట్టి చక్రాలు గాలిలోకి లేపాలి. చక్రం అటూ ఇటూ తిప్పుతూ, పాత నల్ల గ్రీజు బయటికి వచ్చి కొత్తది కనబడేదాకా కొట్టాలి. టై రాడ్డు, డ్రాగ్ లింకు చివర్లకు నిప్పిళ్లు ఉంటే వాటినీ మరిచిపోకూడదు. గ్రీజుల్లో 3 నెంబరు కన్నా 2 నెంబరు మెత్తన. కొండ మీద తిరిగే బండికి చలికాలం అదే మేలు. చక్రాలు పైకి లేచి ఉన్నప్పుడే స్టీరింగు తిప్పి చూడండి. గాలిలో కూడా బిగువుగా ఉంటే జబ్బు పిన్నుల్లోనో స్టీరింగు బాక్సులోనో ఉన్నట్టు. గాలిలో సులువుగా తిరిగి, కిందికి దించగానే మొండికేస్తే టైర్ల గాలి, బరువు, ఆ బరువు మోసే బేరింగు చూసుకోవాలి. ఇంకో గుర్తు చెబుతాను. మలుపు అయ్యాక స్టీరింగు తనంతట తాను నిదానంగా వెనక్కి రావాలి. రాకుండా ఎక్కడిదక్కడే నిలిచిపోతే కింగ్ పిన్నులు పట్టేసినట్టే అనుకోండి.

గాలి సంగతి చాలామందికి తెలియదు. కింద నర్సీపట్నంలో మధ్యాహ్నం 30 డిగ్రీల ఎండలో 90 పౌండ్లు కొట్టించిన టైరు, పైన 5 డిగ్రీల చలిలో తెల్లారేసరికి ఆరేడు పౌండ్లు తక్కువ చూపిస్తుంది. గాలి ఎక్కడికీ పోలేదు, చల్లబడి ముడుచుకుంది అంతే. పరుగు మీద వేడెక్కిన టైరుకు కొట్టించి ఉంటే తేడా ఇంకా పెరుగుతుంది. గాలి తగ్గిన ముందు టైరు నేలను ఎక్కువగా పట్టుకుంటుంది, స్టీరింగు బరువెక్కుతుంది. లడాఖ్‌లో తిరిగే బండ్లు నెలల తరబడి చలిలోనే ఉంటాయి కాబట్టి దానికి తగ్గ ఆయిలు పోసుకుని సిద్ధంగా ఉంటాయి. మన బండి కథ వేరు. పగలు పోర్టు రోడ్డు ఉక్కలో, రాత్రి లంబసింగి మంచులో!

స్టీరింగు బాక్సు విషయంలో మనవాళ్లు చేసే తప్పులు చూస్తే ఒళ్లు మండుతుంది. సీలు కారుతోందని 90 నెంబరు బదులు 140 పోస్తారు, కొందరైతే ఏకంగా గ్రీజే కుక్కేస్తారు. చలిలో అది పాకంలా చిక్కబడుతుంది. ఇంకొందరు అది పలచబడాలని కిరసనాయిలు కలుపుతారు. ఆ పూటకు సుఖమే గానీ లోపల పళ్లు అరిగిపోతాయి. సీలు మార్చడమే మందు. కంపెనీ పుస్తకం ఒప్పుకుంటే, డబ్బా మీద 80డబ్ల్యూ-90 అని ఉన్న ఆయిలు చలికి బాగా పనిచేస్తుంది. ఇక స్టీరింగు ఆట తగ్గించాలని పైనున్న స్క్రూ బిగించేస్తే ఆట పోతుంది, దానితోపాటు సులువూ పోతుంది. ఆట ఎక్కువైతే ముందు రాడ్డు చివర్లు అరిగాయేమో చూడాలి. బండి కింద చలిమంట వేయడం మాత్రం చేయకండి. డీజిలు పైపులు, బ్రేకు పైపులు అక్కడే ఉంటాయి.

ఇప్పుడు మన తప్పు కూడా చెప్పుకుందాం, కోపం తెచ్చుకోకండి. కిరాయిలో వంద తగ్గించమని మనం పట్టుబడితే ఓనరు ఆ వంద ఎక్కడ మిగుల్చుకుంటాడు? గ్రీజులో, టైరులో. క్యాబిన్‌లో నలుగురు ఎక్కి, క్యాబిన్ పైన, దాని వెనక గోడకు ఆనించి అల్లం బస్తాలు పేర్చేది మనమే. ఆ బరువంతా ముందు ఇరుసు మీదే పడుతుంది. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు నొక్కిన ప్రతిసారీ వెనక బరువు కూడా కొంత ముందుకే వచ్చి కూర్చుంటుంది. అలాగని అంతా తోక మీద వేసినా ముప్పే. ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు దూదిపింజలా తిరుగుతుంది, చక్రానికి పట్టు ఉండదు. బరువైనది అడుగున, రెండు ఇరుసుల మధ్యన వెయ్యండి.

పాత బండ్లు తుక్కు కింద పంపేయాలని పట్నంలో కూర్చుని చెప్పడం తేలికే. పోర్టు సరుకు, స్టీలు ప్లాంటు ఇనుము లాగి అలిసిపోయిన లారీలే చివరికి మన కూరగాయలకు దొరుకుతాయి, కొత్త బండి కిరాయి మనకు అందదు. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటేటా ఫిట్‌నెస్ చూపించాలన్న రూలు ఉంది. కాగితం ఉన్నా అది ఏ నెలలో చూశారన్నదే నా ప్రశ్న. మేలో పాసైన స్టీరింగు జనవరి మంచులో ఎలా ఉంటుందో ఆ కాగితం చెప్పదు.

అందుకే నా మాట ఇది. పదిమంది రైతులు కలిసి ఒక గ్రీజు గన్ను, ఒక జాకీ, ఒక గాలి మీటరు కొనుక్కోండి. సంఘం ఉంటే సంఘం పేరునే కొనండి. సరుకు ఎక్కించే ముందు రోజు సాయంత్రం, బండి ఖాళీగా ఉండగానే డ్రైవరుతో దగ్గరుండి చూడండి. వద్దనే డ్రైవరు ఉండడు, చేతులు నొప్పి పుట్టేది అతనికే కదా. 2022లో జిల్లాలు విడిపోయాక లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. సరుకు అమ్ముడయ్యేది విశాఖలో. మూడు జిల్లాల మధ్య ఈ రోడ్డు ఎవరికీ పట్టని పిల్ల కాకుండా, ఘాట్ పైన తెల్లవారుజామున పనిచేసే గాలి మిషను ఒకటి పెట్టమని పాడేరు ఐ.టి.డి.ఎ.కు అర్జీ పెట్టండి. చలి వచ్చాక కాదు, దసరా లోపే పెట్టండి.