బొడ్డెమ్మ ముగిశాక

భాద్రపద బహుళ పంచమి వచ్చిందంటే తెలంగాణ పల్లెల్లో పెళ్లికాని ఆడపిల్లలకు పండుగ. పుట్టమన్ను తెచ్చి, మెట్లు మెట్లుగా పీఠం కట్టి, ఎర్రమట్టితో అలికి, ముగ్గులు వేసి, పూలతో అలంకరించి, పైన కలశం నిలిపి బొడ్డెమ్మను గౌరీదేవిగా కొలుస్తారు. పొద్దుగుంకే వేళకు వాడలోని బాలికలందరూ ఒకచోట చేరి, చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతూ పాడతారు. ఒక ఇంటి నుంచి పసుపు కుంకుమలు వస్తాయి, మరొక ఇంటి నుంచి బెల్లం, ఇంకొక ఇంటి నుంచి నానబెట్టిన శనగలు. ఎవరి ఇల్లు కలిగినదో, ఎవరి ఇల్లు లేనిదో ఆ పళ్లెంలో కనబడదు. తొమ్మిది రోజులు గడిచాక అమ్మవారిని నీటిలో సాగనంపుతారు. ఆ వెంటనే బతుకమ్మ సందడి మొదలవుతుంది.

పాఠక మహాశయులారా! ఆ తొమ్మిది సాయంకాలాలూ ఊరి ఆడపిల్లలకు ఒక సంఘం ఉన్నట్లే కదా! వారికంటూ ఒక చోటు, ఒక వేళ, కలిసి కూర్చోవడానికి పెద్దల అనుమతి, దానికి ఇంటింటి నుంచి అందిన చేయూత. బొడ్డెమ్మ ముగిశాక ఆ చోటు ఏమవుతోంది? మిగిలిన సంవత్సరమంతా ఆ పిల్లలు ఎక్కడ కలుస్తున్నారు? ఈ వారం మీతో పంచుకోదలచిన ఆలోచన ఇదే.

నిజాంసాగర్ జలాశయానికి చేరువలో ఉన్న మహమ్మద్‌నగర్ పరిసరాలను ఒకసారి మనసులో నిలుపుకోండి. మంజీర నీటితో పండే వరిపొలాలు, కాలువ అందని మెట్టభూములు, ఎల్లారెడ్డి దారుల వెంట ఊళ్లు, తండాలు. ఉమ్మడి నిజామాబాదు జిల్లాగా ఉన్ననాటి నుంచీ ఈ నేలకు రెండు గుర్తులున్నాయి. ఒకటి ఇంటి ముంగిట బీడీల చాట. రెండవది ఉపాధి కోసం గల్ఫ్ దేశాలకు వెళ్లిన ఇంటి యజమాని. తండ్రి దూరదేశంలో, తల్లి చాట ముందు ఉన్న ఇంట్లో పదమూడేళ్లు దాటిన ఆడపిల్లకు బడి తరువాత ఏం మిగులుతుంది? తమ్ముణ్ణి చూసుకోవడం, పొయ్యి వెలిగించడం, బీడీలు చుట్టడంలో అమ్మకు చేయి కలపడం. పదవ తరగతి దాటగానే ‘ఇక చదివింది చాలు’ అనే మాట. ఆ వెనుకనే సంబంధాల ప్రస్తావన.

ఆ ఇల్లాలిని నిందించి ప్రయోజనం లేదు. ఎదిగిన పిల్లను ఒంటరిగా ఎక్కడికి పంపాలన్నా ఆమెకు భయమే. ఆ భయం తీరాలంటే ఊళ్లోనే పిల్లలు పదిమందీ కలిసే నమ్మకమైన చోటు ఒకటి ఉండాలి. దానినే నేను బాలికల సంఘం అంటున్నాను. వారానికి రెండు మూడు సాయంకాలాలు, ఊరిలోని ఒక చదువుకున్న స్త్రీ పర్యవేక్షణలో, పదకొండు నుంచి పద్దెనిమిదేళ్ల ఆడపిల్లలు కలిసి చదువుకోవడం, ఆడుకోవడం, పాడుకోవడం, తమ కష్టసుఖాలు చెప్పుకోవడం. ఇంతకు మించిన ఆడంబరం దానికి అవసరం లేదు.

ఒక నిరుపేద బాలికకు రుసుము కట్టి చదివించడం గొప్ప పుణ్యకార్యమే. అటువంటి దాతలు మనలో ఎందరో ఉన్నారు. అయితే ఆ సహాయం ఒక్క బాలికకు, ఒక్క సంవత్సరానికి చెందుతుంది. సంఘం చేసే పని వేరు. ఒక పిల్ల వారం రోజులు బడికి రాకపోతే కారణం మొదట తెలిసేది స్నేహితురాళ్లకే. పదిహేనేళ్లకే ఒక ఇంట్లో నిశ్చితార్థపు మాట నడిస్తే అది ముందుగా చేరేది వారి చెవికే. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం పద్దెనిమిదేళ్లు నిండని బాలికకు వివాహం చేయరాదని చెబుతోంది. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 అనే ఫోను నంబరు ఉంది. కానీ భయంతో ఉన్న ఒంటరి పిల్ల ఆ నంబరును తలచుకోవడం కూడా కష్టం. ఇరవై మంది తోడుంటే, వారి వెనుక ఒక పెద్దమ్మ నిలబడితే, ఫోను దాకా పోకముందే ఆ తల్లితో నాలుగు మంచి మాటలు మాట్లాడవచ్చు.

‘ఇదంతా ప్రభుత్వం చేయవలసిన పని కాదా?’ అని మీరు అడగవచ్చు. బడులు, వసతి గృహాలు ప్రభుత్వం నడుపుతోంది. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల వలన చదువు మానిన ఎందరో ఆడపిల్లలు తిరిగి పుస్తకం పట్టారు. అయినా బడిగంట మోగిన తరువాతి సాయంకాలం ఊరిది. ఆ వేళ పిల్లలకు చోటు చూపవలసినది ఊరే. అక్కడే దాత అవసరం కలుగుతోంది.

మన తెలుగునాట ఇటువంటి దానం ఎంతటి వృక్షమైందో దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం చెబుతుంది. 1909లో రాజమండ్రిలో జన్మించిన ఆమె, 1921లో గాంధీజీ కాకినాడకు వచ్చినప్పుడు పన్నెండేళ్లు కూడా నిండని బాలిక. దేవదాసీలకు, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలకు ఆయన మాటలు వినిపించాలని ఆమె ఆరాటపడింది. అయిదువేల రూపాయల నిధి సమర్పిస్తే కొద్దిసేపు సమయం ఇప్పిస్తామన్నారు పెద్దలు. ఆ రోజుల్లో అయిదువేలంటే సామాన్యమా? ఆ చిన్నారి వెనుదీయలేదు. దేవదాసీ స్త్రీలే ముందుకు వచ్చి ఆ నిధిని సమకూర్చడంలో తోడ్పడ్డారు. సభ జరిగింది. అక్కడి స్త్రీలు తమ ఒంటి నగలు సైతం తీసి ఇచ్చారు. సమాజం చిన్నచూపు చూసిన వారి చేతుల నుంచి వచ్చిన ఆ దానాన్ని మనం ఏ తూకంతో తూచగలం?

అనంతర కాలంలో మద్రాసులోని మైలాపూరులో దుర్గాబాయి చుట్టుపక్కల ఆడపిల్లలను చేరదీసి ఒక చిన్న బృందాన్ని ఏర్పరిచారు. దాని పేరు ‘లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్’. బృందావనపు చిన్నారి తల్లులన్నమాట! అక్కడ పిల్లలు ఆటపాటలతో పాటు చదువులోనూ ముందుకు సాగారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షకు ఆమె వారిని సిద్ధం చేశారు. ఆ బృందమే 1937లో ఆంధ్ర మహిళా సభగా ఎదిగింది. దాతల అండతో మద్రాసు నుంచి హైదరాబాదుకు విస్తరించి పాఠశాలలు, కళాశాల, వైద్యశాల నడిపే మహాసంస్థ అయింది. ఇంటి ముందర కలిసిన కొద్దిమంది ఆడపిల్లలతో అంకురించిన పని అది. ఆనాడు ‘పిల్లల ఆటకు విరాళమేమిటి?’ అని అందరూ ముఖం తిప్పుకొని ఉంటే ఆ అంకురం అక్కడే వాడిపోయేది.

పెద్ద దానానికీ ఒక ఉదాహరణ చెప్పుకుందాం. మహర్షి కార్వే 1916లో పూణేలో మహిళా విశ్వవిద్యాలయాన్ని స్థాపించారు. నాలుగేళ్ల తరువాత, 1920లో, విఠల్‌దాస్ ఠాకర్సీ అనే వర్తకుడు దానికి పదిహేను లక్షల రూపాయలు ప్రకటించి తన తల్లి నాథీబాయి పేరును చిరస్థాయిగా నిలిపారు. 1928లో మాడపాటి హనుమంతరావు పంతులుగారు హైదరాబాదు నారాయణగూడలో తెలుగు బాలికల కోసం ఉన్నత పాఠశాలను ప్రారంభించినప్పుడు, నిజాం పాలనలో తెలుగు మాధ్యమానికి ఆదరణ లేని స్థితిలో, మన పిల్లలకు ఆ పూణే విశ్వవిద్యాలయమే ఆసరా అయింది. ఎక్కడి బొంబాయి వర్తకుడు! ఎక్కడి తెలంగాణ ఆడపిల్ల! మాతృభక్తితో చేసిన దానం తాను ఎన్నడూ చూడని బిడ్డలకు నీడ ఇచ్చింది.

పదిహేను లక్షలు అందరి వల్లా అయ్యేది కాదు. మరి ఒక్క నాణెం? గైడ్స్ అనే బాలికల ఉద్యమం సుమారు 150 దేశాలలో ఉంది. మన పాఠశాలల్లోనూ భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ పేరుతో మీరు చూసే ఉంటారు. ఆ ఉద్యమ ప్రతినిధులు 1926లో అమెరికాలో సమావేశమై, ఫిబ్రవరి 22ను ప్రపంచంలోని తోటి బాలికలను తలచుకునే రోజుగా నిర్ణయించారు. బేడెన్ పావెల్ దంపతులిద్దరి జన్మదినమూ అదే. 1932లో పోలెండులో జరిగిన సమావేశంలో బెల్జియం ప్రతినిధి ఒకరు ‘జన్మదినమంటే కానుక ఉండాలి కదా’ అన్నారు. అప్పటి నుంచి ఆ రోజున ప్రతి బాలికా ఒక్క పెన్నీ ఇవ్వాలని శ్రీమతి బేడెన్ పావెల్ కోరారు. ఆ నాణేలన్నీ కలిసి, వనరులు లేని దేశాలలో బాలికల సంఘాలు పెరగడానికి నిధి అయ్యాయి. ఆ ఆచారం నేటికీ సాగుతోంది. ఆ ఉద్యమానికి చెందిన ప్రపంచ కేంద్రం ఒకటి 1966 నుంచి మన పూణేలోనే ఉంది. దాని పేరు ‘సంగం’. పేరు ఎంత మనదో చూడండి!

ఇక దానం ఎలా చేయాలన్నది అసలు ప్రశ్న. భగవద్గీత పదిహేడవ అధ్యాయంలో శ్రీకృష్ణ పరమాత్మ దానాన్ని మూడు విధాలుగా విభజించి చూపాడు. ప్రతిఫలం కోరకుండా, దేశకాలపాత్రాలు ఎరిగి ఇచ్చేది సాత్త్వికం. తిరిగి ఏదో రావాలనే ఆశతో, మనసు ఒప్పకుండా ఇచ్చేది రాజసం. అవమానించి, అనాదరంతో ఇచ్చేది తామసం. ఈ కొలబద్దతో మన విరాళాలను పరీక్షించుకుందాం. పేరు చెక్కిన పాలరాతి పలకతో ఒక గది కట్టించి, ప్రారంభోత్సవం మరునాటి నుంచి దానికి తాళం వేస్తే ఫలమేమిటి? కుట్టుయంత్రాలు పంచి, నేర్పేవారిని నియమించకపోతే అవి తుప్పు పట్టక ఏం చేస్తాయి? నోటు పుస్తకం చేతికిస్తూ పేద పిల్లను ఫోటో తీసి నలుగురికీ చూపితే, ఆ బిడ్డ మనసు చిన్నబోదా? అది పరమాత్మ హెచ్చరించిన అనాదరమే.

నిజాంసాగర్ నిర్మాణం 1931లో పూర్తయింది. అది ఇన్నేళ్లుగా పొలాలను బతికిస్తున్నది తూముల ద్వారా నీటిని కొలిచి వదలడం వల్లనే. ఉన్న నీరంతా ఒక్కరోజే వదిలితే పంట కొట్టుకుపోతుంది. సంఘానికి ఇచ్చే విరాళమూ అంతే. ఒకేసారి ఇచ్చే పదివేల కంటే నెలనెలా ఇచ్చే అయిదువందలు ఆ సంఘాన్ని ఎక్కువ కాలం నిలుపుతాయి. ఎందుకంటే దాని ఖర్చులన్నీ నెలనెలా వచ్చేవే. పిల్లలను చూసుకునే స్త్రీకి కొద్దిపాటి గౌరవ వేతనం, దీపాలకు, తాగునీటికి, పుస్తకాలకు సొమ్ము, నెలసరి రోజుల్లో పిల్లలకు కావలసిన శుభ్రమైన వస్తువులు, పొరుగూరి పోటీలకు వెళ్లడానికి బస్సు చార్జీలు. వీటిలో ఏ ఒక్కటి ఆగినా ముందు తండా పిల్ల మానేస్తుంది, తరువాత కూలి ఇంటి పిల్ల మానేస్తుంది. కలిగిన ఇంటి పిల్లలు మాత్రమే మిగిలితే ఇక దానిని ఊరి సంఘం అనలేము.

‘ఇచ్చిన డబ్బు సద్వినియోగం అవుతుందని నమ్మకమేమిటి?’ ఇది న్యాయమైన సందేహం. సంఘం పేరున బ్యాంకు ఖాతా ఉండాలి. ఇద్దరు తల్లుల సంతకాలు లేనిదే సొమ్ము కదలకూడదు. ప్రతి పౌర్ణమి నాడు గుడి మండపంలో జమాఖర్చులు చదివి వినిపించాలి. చదివేది ఆ బాలికలే కావాలి. పదిమంది ముందు లెక్క చెప్పడం నేర్చిన పిల్ల రేపు తన ఇంటినీ, ఊరినీ దిద్దగలదు. వారు కూడా నెలకు ఒక్కో రూపాయి వేయాలి. దుర్గాబాయి ఆనాడు కాకినాడలో చేసినట్లు, తమ సంఘానికి తామూ దాతలే అన్న ఆత్మగౌరవం వారికి దక్కాలి.

దేవాలయానికి ఇచ్చేది తగ్గించి ఇటు ఇవ్వమని నేను అనడం లేదు. గుడి అరుగు మీదనే ఈ సంఘం కూర్చోవచ్చు. నిత్యపూజ ముగిసిన తరువాత వెలుగుతున్న దీపం కింద నలుగురు పిల్లలు చదువుకుంటే అమ్మవారు కాదంటుందా? ఎదిగిన పిల్లలు ఇల్లు దాటితే సంప్రదాయం చెడుతుందని శంకించే పెద్దలకు ఒక్క మనవి. బొడ్డెమ్మకు పుట్టమన్ను తెచ్చి ఇచ్చినదీ, పీఠం కట్టడం నేర్పినదీ మీ తల్లులూ అవ్వలే. ఆడపిల్లలు కలిసి కూర్చోవడం మన సంప్రదాయంలోనే ఉంది. దానిని తొమ్మిది రోజులకే పరిమితం చేసినవారం మనమే.

ఈసారి భాద్రపదం వచ్చినప్పుడు, మీ ఊరి బొడ్డెమ్మ దగ్గరకు పసుపు కుంకుమలతో పాటు ఒక కవరు పట్టుకు వెళ్లండి. పిల్లలకు ఏం కావాలో మీరే నిర్ణయించకుండా వారినే అడగండి. ఒక్కొక్కరు చెప్పేది ఓపికగా వినండి. తొమ్మిదవ నాడు అమ్మవారిని సాగనంపి వారు ఇళ్లకు మరలే ముందు, ‘వచ్చే వారం మళ్లీ ఇక్కడే కలుద్దాం, దీపానికి నూనె మా ఇంటి నుంచి’ అని చెప్పండి. ఆ మాట నిలబెట్టుకోండి. జగన్మాత అనుగ్రహం అందరికీ కలుగుగాక!