గుణమునుబట్టి ఏరుట – శేషవిచారము

పదార్థముల పట్టికనుండి ఒక గుణము గలవానిని మాత్రమే ఏరి తీయుట నేటి గణకయంత్రవిద్యలో నిత్యకృత్యము. మన శాసనముల పట్టికలును, తాళపత్రగ్రంథముల పట్టికలును ఇపుడు యంత్రమున కెక్కుచున్నవి. పరిశోధక విద్యార్థి "జిల్లా: అనంతపురము" అని అడుగును, యంత్రము క్షణములో ఏరి యిచ్చును. వచ్చినదే సర్వమని అతడు తలచును. ఈ తలంపు అనర్థహేతువని నా యభిప్రాయము.

మడకశిర ప్రాంతమునే చూతము. 1882లో అనంతపురము జిల్లా యేర్పడుటకు పూర్వ మిది బళ్ళారి జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. శిల కదలలేదు, దాని జిల్లాకు మూడు పేర్లు వచ్చినవి. నొళంబుల రాజధానియైన హేమావతి శిల్పములు కొన్ని చెన్నై ప్రభుత్వ మ్యూజియమున నున్నవి. "స్థల"మనగా లభించిన చోటా, ఇపుడున్న చోటా? ఈ రెంటికి వేర్వేరు గడులు లేనిచో హేమావతి నడిగిన వానికి ఆ శిల్పములు దక్కకపోవచ్చును.

అంతకంటె సూక్ష్మమైన దోషము వేరొకటి కలదు. గణాంకశాస్త్రజ్ఞులు వాడు 'ఆర్' భాషలో, పదార్థమునకు అడిగిన గుణమే వ్రాయబడనిచో 'నల్' అను శూన్యము వచ్చును. దానిని "తెలుగు" అను విలువతో పోల్చినచో సత్యమును రాదు, అసత్యమును రాదు, రిక్తఫలము వచ్చును. ఫలములను 'అన్‌లిస్ట్' అను ప్రక్రియతో ఒక వరుసగా కూర్చునపుడు ఆ రిక్తము జారిపోవును. పది శాసనములలో మూడవదానికి భాష వ్రాయలేదనుకొందము. తొమ్మిది ఫలములే మిగులును. నాల్గవదాని తీర్పు మూడవదానికి, ఐదవదాని తీర్పు నాల్గవదానికి అంటును. తప్పుడు శాసనము చేతికి వచ్చినను యంత్రము ఆక్షేపింపకపోవచ్చును. ప్రతి ఫలమును 'ఈజ్‌ట్రూ' అను పరీక్షకు లోపరచినచో రిక్తము అసత్యముగా నిలిచి వరుస చెడదు. కాని అపుడును "తెలుగు కాదు", "భాష తెలియదు" అను రెండును ఒకే రాశిలో పడును.

పాణిని మార్గ మిట్టిది కాదు. ధాతుపాఠమున సుమారు రెండువేల ధాతువులకు అనుబంధములే గుర్తులు. 1-3-12 సూత్రము అనుదాత్తేత్తులకు, ఙిత్తులకు ఆత్మనేపదము విధించును. 1-3-72 స్వరితేత్తులకు, ఞిత్తులకు, క్రియాఫలము కర్తకు చెందునపుడు దానినే విధించును. 1-3-78 శేషమునకు కర్తరి పరస్మైపదము విధించును. గుర్తు లేనిదానిని ఆచార్యుడు జారవిడువలేదు. శేషమను పేర విధిలోనికే గ్రహించెను.

అనుపలబ్ధిని వేరు ప్రమాణముగా నంగీకరించిన భాట్టమీమాంసకులును యోగ్యానుపలబ్ధినే యొప్పిరి. ఉండినచో కనబడదగినది కనబడనపుడే లేదనవలెను. చీకటిలో కుండ కనబడకుండుట కుండ లేమికి ప్రమాణము కాదు. పట్టికలోని ఖాళీ గడియు అట్టిదే.

కావున ప్రతి గడిలోను విలువయో, "లేదు" అనియో, "తెలియదు" అనియో స్పష్టముగా వ్రాయవలెను. జిల్లా పేరుతో సంవత్సరమును చేర్పవలెను. ఏరినవి, విడిచినవి, తెలియనివి అను మూడు సంఖ్యలను ప్రకటింపవలెను. వాని మొత్తము పట్టిక సంఖ్యకు సరిపోవలెను.

ఇది యంత్రజ్ఞుల పని, మనకేల యని కొంద రనవచ్చును. ఏరుట యంత్రము పనియే. అవ్యాప్తి, అతివ్యాప్తి లేకుండ గుణమునకు లక్షణము చెప్పుట మాత్రము శాస్త్రాధ్యయనపరుల పని. ఆ భారమును ప్రాచ్యకళాశాలలు వహింపనిచో, శేషమున పడిన శాసనములు లేనివిగానే లెక్కింపబడును.