బిందె మనది, పానా ఎవరిది?

నీళ్ళ కోసం స్త్రీల సంఘాలు చాలా పోరాడాయి. ఖాళీ బిందెలతో మండలాఫీసుల ముందు కూర్చున్నాం. ట్యాంకరు దగ్గర జరిగే తగవుల గురించి, నీళ్ళు మోయడానికి బడి మానేసిన ఆడపిల్లల గురించి రాశాం. అయితే నీళ్ళు పైపులోంచి ఇంటి గోడ దాటి లోపలికి వచ్చాక ఏం జరుగుతుందో మనం అంతగా పట్టించుకోలేదు. నల్లా వచ్చే వేళకి లేచేది స్త్రీ. పట్టేది, కాచేది, పొదుపుగా వాడేది, తరిగిపోతే మాట పడేదీ ఆమే. అదే నల్లా కారడం మొదలుపెడితే మాత్రం దాన్ని విప్పే పని, అసలు విప్పడం తెలిసి ఉండటం పురుషుడి వంతవుతుంది. బిందె స్త్రీకీ పానా పురుషుడికీ పంచిపెట్టిన ఈ శ్రమ విభజనని మనం ఇంకా గట్టిగా ప్రశ్నించాల్సే ఉంది.

ఇంట్లో చిన్న చిన్న ప్లంబింగు పనులు నేర్చుకోవడం తీరిక ఉన్నవాళ్ళ సరదా అని కొందరు మిత్రులు అంటారు. అంతకన్నా పెద్ద సమస్యలు లేవా అని అడుగుతారు. ఉన్నాయి. కానీ ఇది కూడా హక్కులకి సంబంధించిన విషయమేనని, మన సంఘాలు దీన్ని తమ పనిలో భాగం చేసుకోవాలని నా అభిప్రాయం.

తెలియకపోవడానికి స్త్రీలు చెల్లిస్తున్న మూల్యం ముందు చూద్దాం. హింస భరించలేక ఇల్లు వదిలి, పిల్లలతో ఒక గది అద్దెకి తీసుకున్న స్త్రీని తీసుకోండి. ఆ గదిలో సింకు మూసుకుపోతే ఆమె ఎవరినో ఒకరిని పిలవాలి. వచ్చినతను గుమ్మంలోనే అడిగే మొదటి ప్రశ్న, ‘ఇంట్లో మగవాళ్ళెవరూ లేరా అమ్మా?’ అని. అడిగిన మనిషి మంచివాడే కావచ్చు. కానీ జవాబు చెప్పడమంటే తాను ఒంటరిగా ఉంటున్నానని ఆ వీధికంతా చెప్పుకోవడమే. అందుకని నెలల తరబడి బకెట్లతో నీళ్ళు ఎత్తిపోసుకునే స్త్రీలు ఉన్నారు. రెండు రూపాయల వాషరు కోసం, తెగతెంపులు చేసుకున్న బంధువుని మళ్ళీ బతిమాలుకోవాల్సిన వాళ్ళూ ఉన్నారు.

తెలిసినా లెక్కలోకి రాకపోవడం మరో సంగతి. నేనుంటున్న ఇంటికి అద్దె కట్టేది నేను, నీళ్ళ బిల్లు కట్టేది నేను. ఒకసారి పైపు ఎక్కడ పగిలిందో ప్లంబరు వివరించింది మాత్రం, ఆ రోజు చుట్టపుచూపుగా వచ్చిన మా తమ్ముడికి. మా తమ్ముడికి పైపుల గురించి నాకు తెలిసినంత కూడా తెలియదు. అయినా తలాడిస్తూ విన్నాడు. పురుషుడి అజ్ఞానం బయటపడదు, స్త్రీ జ్ఞానం గుర్తింపుకి రాదు. సాంకేతిక విషయాల్లో పితృస్వామ్యం పనిచేసే తీరు ఇదే.

నా వాదన ప్లంబర్ల మీద కాదు. వాళ్ళు చెమటోడ్చి బతికే శ్రామికులు. దేశంలోని పెద్ద నగరాల్లో పనిచేసే ప్లంబర్లలో ఎందరో ఒడిశాలోని కేంద్రాపడా జిల్లా నుంచి వలస వచ్చినవాళ్ళు. అన్న దగ్గర తమ్ముడు, మామ దగ్గర మేనల్లుడు పని నేర్చుకుంటూ తరాలుగా ఆ వృత్తిని నిలబెట్టారు. దీన్నిబట్టి తెలిసేదేమిటి? పానా పట్టడం మగపుట్టుకతో వచ్చిన విద్య కాదు. పక్కన నిలబెట్టుకుని ఒకరు నేర్పితే మరొకరికి వచ్చిన విద్య. ఆ పక్కన నిలబడే చోటు ఆడపిల్లకి దొరకలేదు, అంతే.

‘బలం కావాలి, అది ఆడవాళ్ళ వల్ల కాదు’ అనే మాట తరచుగా వింటాం. పదిహేను లీటర్లు పట్టే బిందె నిండితే పదిహేను కిలోల బరువు. దాన్ని చంకన పెట్టుకుని మెట్లెక్కే స్త్రీకి, కిలోన్నర కూడా ఉండని రెంచి బరువా? లండన్ పత్రికల్లో అచ్చు కూర్చే కార్మికులను అధ్యయనం చేసిన సింథియా కాక్‌బర్న్ 1983లో వెలువరించిన ‘బ్రదర్స్’ పుస్తకంలో ఈ విషయాన్నే చర్చించింది. స్త్రీ పురుషుల శరీరాల మధ్య ఉండే కొద్దిపాటి తేడాని పనిముట్ల తయారీ, పని పద్ధతులు, శిక్షణ కలిసి పెద్ద అగాధంగా మారుస్తాయని ఆమె వాదన. దీనికి ఉదాహరణ మన ఊళ్ళ చేతిపంపులోనే ఉంది. ఇండియా మార్క్-2 పంపులో అడుగున అరిగిన వాషర్లు మార్చాలంటే భూమిలోకి దించిన ఇనుప పైపులన్నిటినీ ఒక్కొక్కటిగా పైకి లాగాలి. దానికి గొలుసులు, మనుషులు, బండి కావాలి. తర్వాత వచ్చిన మార్క్-3లో పైపు వెడల్పు పెంచారు. పైపులు అలాగే ఉంచి లోపలి కడ్డీలతో పాటు పిస్టన్‌ని బయటికి తీయవచ్చు. నీళ్ళు అవే, మనుషులు వాళ్ళే. మారింది పంపు తయారీ. కాబట్టి బరువు అన్నది ఎప్పుడూ ప్రకృతి నిర్ణయించేది కాదు. పనిముట్టు తయారుచేసినవాళ్ళు ఎవరిని దృష్టిలో పెట్టుకున్నారన్నదే చాలాసార్లు నిర్ణయిస్తుంది.

ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో 1990ల మొదట్లో మహిళా సమాఖ్య కార్యక్రమం కింద దళిత, కోల్ ఆదివాసీ స్త్రీలు చేతిపంపుల మరమ్మతు నేర్చుకున్నారు. వాళ్ళలో చాలామందికి అప్పటికి చదవడం, రాయడం రాదు. అంటరానితనం పాటించే ఊళ్ళలో పంపుని విప్పి బిగించే చెయ్యి ఎవరిదన్నది మామూలు ప్రశ్న కాదు. ఆ ప్రాంతంలోనే గ్రామీణ స్త్రీలు ‘మహిళా డాకియా’ అనే పత్రిక తెచ్చారు. 2002లో చిత్రకూట్ నుంచి ‘ఖబర్ లహరియా’ మొదలైంది. మరమ్మతు నేర్చుకోవడం మరమ్మతు దగ్గరే ఆగదని ఈ అనుభవం చెబుతోంది.

ఇక ఇంట్లోకి వద్దాం. మొదట నేర్చుకోవాల్సింది పనిముట్టు కాదు, నీళ్ళు నడిచే దారి. వీధి పైపు నుంచి సంపు, సంపు నుంచి మోటారు, మోటారు నుంచి పై ట్యాంకు, అక్కడి నుంచి కిందికి దిగే పైపు, దాని మీద వాల్వులు, చివర కుళాయిలు. ఈ దారిని ఒక కాగితం మీద గీసుకోవాలి. ఏ వాల్వు కట్టేస్తే ఏ కుళాయి ఆగుతుందో తిప్పి చూసుకోవాలి. ఇంట్లో పైపు పగిలి నీళ్ళు చిమ్ముతుంటే కావాల్సింది ప్లంబరు ఫోన్ నంబరు కన్నా ముందు ఈ వాల్వు జాడ.

రెండోది, కారే కుళాయి. దాని కింద లీటరు చెంబు పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. గంటలో నిండితే రోజుకి 24 లీటర్లు, అంటే బిందెన్నర నీళ్ళు వృథా. పాతరకం కుళాయి అయితే చాలావరకు దోషం లోపలి రబ్బరు వాషరుది. వాల్వు కట్టేసి, కుళాయి తిప్పి, పైపులో మిగిలిన నీళ్ళు పోనివ్వాలి. సింకు రంధ్రం మీద గుడ్డ కప్పాలి, లేకపోతే మరలు అందులో పడిపోతాయి. పిడి తీసి, దాని కింది నట్టుని పానాతో ఎడమవైపుకి తిప్పి వదులు చేయాలి. రెండో చేత్తో కుళాయిని గట్టిగా పట్టుకోవాలి, లేకపోతే గోడలోని పైపు మెలితిరుగుతుంది. బయటికొచ్చిన కాడ చివర ఉన్న వాషరుని దుకాణానికి పట్టుకెళ్ళి సరిగ్గా ఆ కొలతదే తేవాలి. ఇప్పుడొస్తున్న సగం సగం తిప్పే కుళాయిల్లో చాలావాటికి రబ్బరు వాషరు ఉండదు. లోపలి పింగాణీ బిళ్ళల భాగం మొత్తంగా మార్చాలి.

మూడోది, మూసుకుపోయిన సింకు. కింద సీసా ఆకారంలో ఉండే ట్రాపుని చేత్తోనే విప్పవచ్చు. కింద బకెట్టు పెట్టి విప్పి, కడిగి, రబ్బరు చుట్టని దాని చోట పెట్టి బిగించాలి. దాంట్లో ఎప్పుడూ కొంచెం నీళ్ళు నిలిచి ఉంటాయి. అది లోపం కాదు. మురుగు వాసన ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ నీళ్ళే. నాలుగోది, ఫ్లష్ ట్యాంకు. ట్యాంకులో కొద్దిగా నీలిమందు కలిపి, పావుగంట దాకా ఫ్లష్ చేయకుండా చూడండి. కింద నీలిరంగు కనబడితే లోపలి రబ్బరు అరిగి నీళ్ళు జారిపోతున్నాయన్నమాట. పైపు మరల మీద టెఫ్లాన్ టేపు చుట్టేటప్పుడు బిగించే దిక్కుకే, అంటే గడియారం ముల్లు తిరిగేవైపుకే చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడివస్తుంది.

చేయకూడనివీ తెలియాలి. మోటారు, గీజరు వంటివి కరెంటుతో ముడిపడినవి. వాటిని పని తెలిసినవాళ్ళకే వదలాలి. వీధి పైపు నుంచి వచ్చే కనెక్షను నీళ్ళ సంస్థ చూసుకోవాల్సింది. ఇక సెప్టిక్ ట్యాంకు మూత తీసి లోపలికి దిగడం ఎవరూ చేయకూడని పని. అందులోని విషవాయువు నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. మలమూత్రాలు చేతులతో ఎత్తే పనిని, రక్షణ లేకుండా మురుగులోకి మనుషుల్ని దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. ‘మన పని మనమే’ అని మాట్లాడేటప్పుడు కులం సంగతి మరిచిపోతే మన మాటకి విలువ ఉండదు. శుభ్రమైన కుళాయి భాగం మనం నేర్చుకుని, మురుగు భాగం ఎప్పటిలాగే దళితుల మీదకి నెట్టేస్తే మార్చింది ఏమీ లేదు. యంత్రాలతో శుభ్రం చేయించమని అడగడం కూడా ఈ నేర్చుకోవడంలో భాగమే.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. స్త్రీల నెత్తిన ఉన్న చాకిరీ చాలదా, ఇప్పుడు పైపులు కూడానా? 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే స్త్రీలు దాని మీద రోజుకి 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇంట్లో చేసుకునే మరమ్మతులు కూడా వంట, అంట్లతో పాటు ఈ ఇంటి పని లెక్కలోకే వస్తాయి. తేడా ఏమిటంటే అంట్లు రోజూ ఉంటాయి, ఎవరూ చూడరు. మరమ్మతు ఎప్పుడో ఒకసారి ఉంటుంది, చేసినవాడిని ఇంటిల్లిపాదీ మెచ్చుకుంటారు. రూత్ ష్వార్జ్ కోవన్ 1983లో రాసిన ‘మోర్ వర్క్ ఫర్ మదర్’లో అమెరికన్ ఇళ్ళలోకి కొత్త పరికరాలు వచ్చినా గృహిణి చాకిరీ తగ్గలేదని చూపింది. ఆ హెచ్చరిక మనకీ వర్తిస్తుంది. అందుకే నేనడిగేది స్త్రీలు పానా కూడా మొయ్యాలని కాదు. ఆమె పానా పట్టిన రోజు అతను గరిటె పట్టాలి. తెలిసి ఉండటం ఒక హక్కు. ఎప్పుడు చేయాలో, ఎప్పుడు డబ్బిచ్చి చేయించుకోవాలో నిర్ణయించుకోవడం మరో హక్కు. మొదటిది లేనప్పుడు రెండోది ఉత్త మాట. పని తెలిసిన స్త్రీకి ప్లంబరు అడిగిన కూలి న్యాయమో కాదో కూడా తెలుస్తుంది. బేరమాడి అతని పొట్ట కొట్టాల్సిన పనీ ఉండదు.

ఇది కూలి ప్రశ్న కూడా. ఇంటింటికీ కుళాయి నీళ్ళు ఇవ్వడానికి తెలంగాణలో 2016లో మిషన్ భగీరథ, దేశమంతటా 2019లో జల్ జీవన్ మిషన్ మొదలయ్యాయి. జల్ జీవన్ మార్గదర్శకాల ప్రకారం గ్రామ నీటి కమిటీల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. నీటిని పరీక్షించే కిట్ల వాడకం గ్రామానికి ఐదుగురికి, ముఖ్యంగా స్త్రీలకి నేర్పాలి. మంచిదే. కానీ మీరు పనిచేసే ఊళ్ళో వాల్వులు తిప్పేది, పైపు పగిలితే అతికేది, ఆ పనికి జీతం తీసుకునేది ఎవరో లెక్కపెట్టండి. కమిటీలో కుర్చీ, కిట్టు స్త్రీకిచ్చి, జీతమున్న పని పురుషుడికి ఉంచితే అది పాత విభజనకి కొత్త పేరే అవుతుంది.

మన సంఘాలు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. స్త్రీల హాస్టళ్ళలో, ఆశ్రయ గృహాల్లో, మన ఆఫీసుల్లో ఒక పనిముట్ల పెట్టె ఉండాలి. రెండు సైజుల పానాలు, పైపు రెంచి, స్క్రూడ్రైవర్లు, టెఫ్లాన్ టేపు, నాలుగు రకాల వాషర్లు చాలు. చట్టం, ఆరోగ్యం మీద పెట్టే శిక్షణ శిబిరాల్లో ఒక పూట దీనికి కేటాయించాలి. నేర్పడానికి వచ్చే ప్లంబరుకి ఆ పూట కూలి ఇవ్వాలి. ఉపన్యాసం వద్దు, ప్రతి ఒక్కరూ ఒక కుళాయి విప్పి బిగించాలి. వృత్తిగా చేపడతామనే స్త్రీలకి ఐటీఐలో సీటు, హాస్టలు, స్టైపెండు కోసం మనం పోరాడాలి. పంచాయతీలు నీళ్ళ పని మీద మనుషుల్ని పెట్టుకునేటప్పుడు స్త్రీల దరఖాస్తులు పట్టుకెళ్ళి వాళ్ళ ముందు పెట్టాలి.

వచ్చే శిబిరానికి కార్యకర్తలు తమ ఇంటి నీళ్ళ దారి గీసుకుని రావాలని అడుగుదాం. ఎంతమందికి తమ ఇంటి వాల్వు ఎక్కడుందో తెలియదో అక్కడే తేలుతుంది. చర్చ అక్కడ నుంచి మొదలుపెట్టవచ్చు.